డెసీ ఆర్నాజ్: తెర మీద రికీ, తెర వెనక లెక్కలు

#1 పాతటీవీ_పద్మ

1950ల అమెరికన్ టీవీ హాస్య ధారావాహిక ‘ఐ లవ్ లూసీ’ (లూసీగా లూసిల్ బాల్, మొగుడు రికీ రికార్డోగా ఆమె నిజం మొగుడు డెసీ ఆర్నాజ్) మీద మన దగ్గర పోస్టులకు లోటు లేదు. కానీ అన్నీ లూసిల్ బాల్ చుట్టూనే తిరుగుతున్నాయి. పక్కన నిలబడ్డ డెసీ ఆర్నాజ్‌ని "లూసీ మొగుడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం. ఈ చర్చ ఆయన కోసమే పెడుతున్నా.

తెలియనివాళ్లకు ముందుగా నాలుగు ముక్కలు. 1917 మార్చి 2న క్యూబాలోని శాంతియాగోలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి మేయరు. తల్లి తరఫు తాత బకార్డి రమ్ కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. 1933లో క్యూబా అధ్యక్షుడు మచాదో ప్రభుత్వం కూలిపోగానే తండ్రిని జైల్లో వేశారు, ఆస్తులన్నీ పోయాయి. ఆయన విడుదలయ్యాక తండ్రీకొడుకులు మయామీ చేరారు. అక్కడ కుర్రవాడు డెసీ చేసిన పనుల్లో కెనరీ పిట్టల పంజరాలు కడగడం ఒకటి. 1951 అక్టోబరు 15, సోమవారం రాత్రి 9 గంటలకు సీబీఎస్ టీవీ నెట్‌వర్క్‌లో ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. 1957 మే దాకా 180 ఎపిసోడ్లు. 1986 డిసెంబరు 2న డెల్ మార్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు.

నాకు తేలాల్సినవి మూడు. ఒకే సన్నివేశాన్ని ఒకేసారి మూడు కెమెరాలతో తీసే పద్ధతి అసలు ఎవరిది? ఎపిసోడ్ల హక్కులు ఆయన చేతికి ఎలా వచ్చాయి? నటుడిగా ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలి? గాలి కబుర్లు వద్దు, వివరంగా రాయండి.

#2 కిట్టు_కాంగా

పద్మ గారూ, మూడింటికంటే ముందు సంగీతం గురించి రాయాలి. టీవీలో రికీ రికార్డో చేసే పని బ్యాండు లీడరు పని. అది రచయితలు కల్పించింది కాదు, డెసీ పదిహేనేళ్లు బతికిన బతుకు.

మయామీలో చిన్న క్యూబన్ బృందంలో గిటారు, పాట. అక్కడ హావియర్ కుగాట్ కంట్లో పడ్డాడు. ఆ రోజుల్లో అమెరికాలో లాటిన్ డ్యాన్స్ బ్యాండ్లకు కుగాట్ పెద్ద దిక్కు. కొన్నాళ్లు ఆయన దగ్గర చేశాక డెసీ మయామీకి తిరిగొచ్చి సొంత బ్యాండు పెట్టుకున్నాడు. కుగాట్ పేరు వాడుకోవడానికి వారం వారం కొంత కట్టే ఒప్పందం మీద. పేరుకు ధర ఉంటుందని, దాన్ని అద్దెకు ఇవ్వొచ్చని ఇరవై ఏళ్లకే చూశాడన్నమాట. లెక్కల మాస్టారు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక కాంగా లైను. డెసీ తన ఆత్మకథలో చెప్పినదాని ప్రకారం, న్యూయార్క్ నుంచి వచ్చిన వాయిద్యగాళ్లకు క్యూబన్ లయ పట్టుబడలేదు. మొదటి రాత్రే పరువు పోయేలా ఉంది. అప్పుడు శాంతియాగో కార్నివాల్‌లో వీధుల్లో సాగే కాంగాను పట్టుకున్నాడు. దాని లయ ఎవరికైనా ఎక్కుతుంది: మూడు అడుగులు నడక, నాలుగో దెబ్బకు కాలు పక్కకు విసరడం. తాళం ఎంత తేలికంటే తాగి ఉన్న అతిథి కూడా తప్పలేడు. జనం ఒకరి వెనక ఒకరు నడుం పట్టుకుని వరసగా కదులుతారు కాబట్టి డ్యాన్సు రానివాడికీ సిగ్గు ఉండదు. డ్రమ్మును భుజానికి పట్టీతో తగిలించుకుని వరసకు ముందు నడిచేవాడు డెసీ. ఆ దెబ్బతో 1939లో బ్రాడ్‌వే సంగీత నాటకంలో వేషం, 1940లో అదే కథ సినిమాగా ఆర్‌కేవో స్టూడియోలో. ఆ సెట్లోనే లూసిల్ పరిచయం. అదే ఏడాది నవంబరు 30న పెళ్లి.

ఇంకొక్కటి. ఆయన పేరుతో ముడిపడిపోయిన ‘బబలూ’ ఆయన రాసిందీ కాదు, మొదట పాడిందీ కాదు. రచన మార్గరీతా లెక్వోనా. డెసీ కంటే ముందే దాన్ని ఊపు ఊపినవాడు మిగెలీతో వల్దేస్. బబలూ అయే అంటే క్యూబాలోని సాంతెరియా అనే మతంలో మశూచి లాంటి రోగాల దేవుడు, మన పోలేరమ్మ వరసలో అనుకోండి. అమెరికా నైట్ క్లబ్బుల్లో కూర్చుని తాళం వేసిన వాళ్లలో ఎంతమందికి అది తెలుసో!

#3 రీలు_రంగారావు

పద్మగారి మొదటి ప్రశ్నకు వస్తా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1951 మొదట్లో పరిస్థితి ఇది. టీవీ షోలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారం. పడమటి తీరానికి అదే సమయంలో బొమ్మ పంపే లైను ఇంకా లేదు. అందుకని న్యూయార్క్‌లో టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి ఆ బొమ్మనే చిత్రీకరించి డబ్బాలు పంపేవారు. దాన్ని కినిస్కోప్ అనేవారు. టీవీ సెకనుకు 30 ఫ్రేములు, ఫిల్మ్ 24. ఈ రెంటినీ కలపడానికి షట్టరుతో చేసే సర్దుబాటు కాస్త తేడా వచ్చినా బొమ్మ మీద అడ్డ గీత కదులుతుంది. దానికి తోడు గాజు తెర వంపు, మసక, నలుపు తెలుపులు రెండే మిగిలి మధ్య ఛాయలన్నీ ఎగిరిపోవడం. చూసినవాళ్లకు తెలుసు, మొహాలు పిండి పూసినట్టుంటాయి.

స్పాన్సరు ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. వాళ్ల కొనుగోలుదారులు, టీవీ సెట్లు ఎక్కువగా తూర్పున. హాలీవుడ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తే ఈసారి కినిస్కోప్ ముష్టి తూర్పు వాళ్లకు పడుతుంది. కాబట్టి న్యూయార్క్‌కు మకాం మార్చండి అన్నారు. లూసిల్ అప్పుడు కడుపుతో ఉంది (కూతురు లూసీ 1951 జులై 17న పుట్టింది). మారం అన్నారు. మధ్యేమార్గంగా డెసీ పెట్టిన ప్రతిపాదన: హాలీవుడ్‌లోనే ఉంటాం, 35 మి.మీ. ఫిల్మ్ మీద తీస్తాం, దేశమంతా ఒకే నాణ్యత. సీబీఎస్ ఇంకో మెలిక పెట్టింది: లూసిల్‌కి ఎదురుగా జనం ఉంటేనే నటన పండుతుంది, రేడియోలో చూశాం, కాబట్టి ప్రేక్షకులు ఉండాలి. ఫిల్మ్, ప్రేక్షకులు, నాటకంలా ఆపకుండా సాగే సన్నివేశం. ఈ మూడూ ఒకచోట చేర్చాలి.

దానికి కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో ‘మెట్రోపొలిస్’కి, హాలీవుడ్‌లో 1931 ‘డ్రాక్యులా’కి పనిచేసిన మనిషి. ఆయన చేసిన ఏర్పాటు ఇలా:

మూడు మిచెల్ బీఎన్‌సీ కెమెరాలు, చప్పుడు బయటికి రాని రకం. మధ్య కెమెరాకు వెడల్పు లెన్సు, దాదాపు 28 నుంచి 50 మి.మీ. మధ్య, మొత్తం గది, మనుషులు తల నుంచి కాలి దాకా. అటూ ఇటూ ఉన్న రెంటికీ 3, 4 అంగుళాల లెన్సులు, అంటే 75 నుంచి 100 మి.మీ.; మొహాలకి. మూడూ రబ్బరు చక్రాల బండ్ల మీద. నేల మీద గుర్తులు, ఒక్కో గుర్తుకి ఒక్కో షాట్. నేలలో ఎక్కడ ఎత్తుపల్లం ఉన్నా బొమ్మ ఎగురుతుంది, అందుకే స్టూడియో నేల నున్నగా చేయించాల్సి వచ్చింది.

అసలు చిక్కు లైట్లది. మామూలు సినిమాలో క్లోజప్‌కి ఒక లైటింగు, దూరపు షాటుకి ఇంకొకటి. ఇక్కడ మూడూ ఒకేసారి. నేల మీద స్టాండు పెడితే ఏదో ఒక కెమెరాకు అడ్డం. అందుకని దాదాపు లైట్లన్నీ పైన కట్టారు. ఒక్కో కెమెరా లెన్సు పైన మాత్రం చిన్న పూరక దీపం, కళ్ల కింద పడే నీడ చెరపడానికి. పైగా టీవీ ప్రసారంలో కాంట్రాస్టు పెరుగుతుంది. దాన్ని ముందే తగ్గించడానికి సెట్లన్నీ బూడిద రంగు ఛాయల్లో వేశారు. తెల్లవి, మరీ నల్లవి వీలైనంత తప్పించారు. సాదాసీదాగా కనిపించే ఆ బొమ్మ వెనక ఇంత ఉంది.

#4 నిజం_నిక్కం

రంగారావు గారూ, అంతా బాగానే ఉంది కానీ కింద ఎవరో ఒకరు వచ్చి "డెసీ మూడు కెమెరాలు కనిపెట్టాడు" అంటారు, ఇప్పుడే అడ్డం పడుతున్నా. కనిపెట్టలేదు. జెరీ ఫెయిర్‌బ్యాంక్స్ అంతకుముందే టీవీ కోసం బహు కెమెరాల ఫిల్మ్ పద్ధతి నడిపాడు. రాల్ఫ్ ఎడ్వర్డ్స్ క్విజ్ షోను ప్రేక్షకుల ముందు మూడు ఫిల్మ్ కెమెరాలతో 1950లో తీశారు. అక్కడ పనిచేసిన ఆల్ సైమన్‌నే డెసీ పిలిపించుకున్నాడు. ఉన్న విద్యను తెచ్చుకున్నాడు, అంతే.

#5 రీలు_రంగారావు

నేనెక్కడా కనిపెట్టాడనలేదే! అయినా మీ మాటలో "అంతే" దగ్గర నాకు పేచీ ఉంది. క్విజ్ షోలో మనుషులు ఒకచోట నిలబడి మాట్లాడతారు. ఇక్కడ కథ, తలుపులు, దుస్తుల మార్పులు, పడటాలు, లేవడాలు, పక్కపక్కన మూడు నాలుగు సెట్లు: హాలు, పడకగది, వంటిల్లు, రికీ బ్యాండు వాయించే ట్రాపికానా క్లబ్బు. కెమెరాలు ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకి బండ్ల మీద కదలాలి. దర్శకుడు మార్క్ డేనియల్స్ ఎదురుగా ఉండి నటుల్ని చూసుకుంటే, కెమెరాల కదలికలు సమన్వయం చేయడానికి వేరే మనిషి, చెవికి ఇంటర్‌కమ్ తగిలించుకున్న బండి తోసేవాళ్లు.

నిర్మాతగా డెసీ తేల్చుకోవాల్సిన చిల్లర చూడండి. జనరల్ సర్వీస్ స్టూడియోలో దాదాపు 300 మందికి మెట్ల బెంచీలు. స్టూడియో అంటే థియేటరు కాదు కదా, అగ్నిమాపక నిబంధన ప్రకారం జనం నేరుగా వీధిలోకి వెళ్లే దారి ఉండాలి. రొమెయిన్ వీధి వైపు గోడ కొట్టి ద్వారం పెట్టించాడు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఇంత దూరంలోపు ఉండాలని ఇంకో నిబంధన. లూసిల్ డ్రెస్సింగ్ రూములోది ఇచ్చేశారు. ఫ్రాయిండ్ లెన్సు చూసుకుంటాడు, ఈ పనులు ఎవడు చూస్తాడు?

#6 నిజం_నిక్కం

నిర్మాతగా ఒప్పుకుంటా. "ఆవిష్కర్త" అన్న బిరుదు మాత్రం వద్దు.

#7 ఎడిటింగ్_స్వాతి

రంగారావు గారు షూటింగ్ దగ్గర ఆపేశారు. తలనొప్పి ఆ తర్వాతే మొదలవుతుంది.

లెక్క చూద్దాం. 35 మి.మీ. ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములంటే ఒకటిన్నర అడుగు, నిమిషానికి 90 అడుగులు. ఎపిసోడ్ దాదాపు 26 నిమిషాలు, అంటే కెమెరాకి 2,340 అడుగులు. మూడింటికి 7,020. ఒకటి రెండు చోట్ల మళ్లీ తీసినవి కలుపుకుంటే 7,500 దాకా. పూర్తి సినిమా తీసేవాళ్లు తగలేసే ఫిల్మ్‌తో పోలిస్తే ఇది చాలా పొదుపు. ఎందుకంటే ఒకే సన్నివేశాన్ని క్లోజప్‌కి ఒకసారి, దూరానికి ఒకసారి తీయడం లేదు.

కెమెరాలో వేసే రీలు 1,000 అడుగులు, 11 నిమిషాలు. కాబట్టి ఏ సన్నివేశమూ అంతకంటే పొడుగు ఉండకూడదు. సెట్టు మారేటప్పుడో, దుస్తులు మార్చుకునేటప్పుడో రీలు మార్చుకోవాలి. ఆ ఖాళీలో ప్రేక్షకులు చల్లారిపోకుండా డెసీ బ్యాండు వాయించేది. షో మొదలుకాకముందు జనాన్ని నవ్వించి మిగతా నటుల్ని పరిచయం చేసేదీ ఆయనే.

ఎడిటరు డాన్ కాన్. మూడు బొమ్మలు, ఒక శబ్దం ఒకేసారి చూడాలి. మామూలు మూవియోలాలో (ఫిల్మ్ నడిపి చూస్తూ కోసే ఎడిటింగ్ యంత్రం) ఒక బొమ్మ తలే ఉంటుంది. మూడు బొమ్మ తలలు, ఒక శబ్దం తల ఉన్నది ప్రత్యేకంగా తెప్పించారు. ఎడిటింగ్ గదిలో దాని ముద్దుపేరు "మూడు తలల రాక్షసి". దీని లాభం: మూడు రీళ్లూ ఒకే క్షణంలో తీసినవి కాబట్టి సిగరెట్టు పొడుగు, చేతి భంగిమ, జుట్టు వాలకం ఎక్కడ కోసినా కలుస్తాయి. నష్టం: మధ్య కెమెరా ఒక అడుగు ముందుకొస్తే పక్కదాని ఫ్రేములో దూరుతుంది. మైకు కొయ్య నీడ ఒకదాంట్లో పడకపోయినా ఇంకోదాంట్లో పడుతుంది. అప్పుడు ఆ షాట్ వదిలేసి దూరపు షాటుతో సర్దుకోవాల్సిందే.

ఇంకో పెద్ద ఇబ్బంది నవ్వులు. నిజం ప్రేక్షకుల నవ్వు ఇంతసేపు ఉంటుందని రాసి ఉండదు. నటుడు ఆగకుండా తరవాతి డైలాగు మొదలెడితే అది నవ్వులో మునిగిపోతుంది, కోయడానికి వీల్లేదు. నవ్వు తగ్గేదాకా ఊరకే నిలబడితే బొమ్మ చచ్చిపోతుంది. అందుకే నటుడు ఆ వ్యవధిలో ఏదో చిన్న పని చేస్తూ ఉండాలి. ఈ విషయంలో డెసీ ఎంత నేర్పరో గమనించారా? టోపీ తీస్తాడు, ఉత్తరం మడుస్తాడు, కళ్లు పెద్దవి చేసి లూసీని చూస్తూ ఉంటాడు. ఎడిటరుకి పట్టుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

మొదట చిత్రీకరించిన ఎపిసోడు (1951 సెప్టెంబరు 8న) ప్రసారంలో నాలుగోదిగా నవంబరు 5న వచ్చింది. చేయి తిరగడానికి ఎంత పట్టిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

#8 కొత్తగా_వచ్చా

మంచి చర్చ. ఒక సందేహం. అంత ఖర్చు అవుతుంటే టీవీ కంపెనీ ఎలా ఒప్పుకుంది? హక్కులు వీళ్లకి ఎందుకు వదిలేసింది? ఇప్పుడైతే ఏ ఛానలూ వదలదు కదా.

#9 లెక్కల_మాస్టారు

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా.

డెసీ చెప్పిన లెక్క: ఫిల్మ్ మీద తీస్తే ఎపిసోడుకి అదనంగా దాదాపు 5,000 డాలర్లు. సీబీఎస్ 2,000 పెట్టుకుంది, స్పాన్సరు 2,000. ఇంకా 1,000 తక్కువ. మొగుడూ పెళ్లాల జీతం వారానికి 5,000. దాన్ని 4,000కు తగ్గించుకుంటాం, బదులుగా ఫిల్ముల మీద పూర్తి హక్కు మా కంపెనీకి ఇవ్వండి అన్నాడు డెసీ. అప్పటిదాకా అనుకున్నది సగం సగం.

సీబీఎస్ ఎందుకు ఒప్పుకుందంటే, 1951లో ఒకసారి ప్రసారమైన హాస్య ఎపిసోడు విలువ వాళ్ల దృష్టిలో దాదాపు సున్నా. ప్రత్యక్ష ప్రసారం గాల్లో కలిసిపోతుంది. కినిస్కోపు డబ్బాలో మూలన పడి ఉంటుంది. పాత ఎపిసోడు మళ్లీ వేస్తే జనం మళ్లీ చూస్తారన్న ఆలోచనకు అప్పటికి మార్కెట్టే లేదు. లేని వస్తువును ఇచ్చేయడానికి ఎవరికైనా బాధేముంది?

ఇది డెసీ దూరదృష్టా, అదృష్టమా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. నా లెక్కలో సగం సగం. నాణ్యమైన 35 మి.మీ. నెగెటివ్ చేతిలో ఉంటే ఎప్పటికైనా పనికొస్తుందని తెలిసే అడిగాడు. ఇంత వస్తుందని మాత్రం ఊహించి ఉండడు. ఆ లాభంలో రచయితలకూ వాటా ఉంది: ప్రధాన రచయిత, నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్‌కి 20 శాతం. మాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్ జూనియర్‌లకు తన వాటాలోంచి ఆయన పంచి ఇచ్చాడు.

ఆ తర్వాత: 1953లో ఫిలిప్ మోరిస్‌తో 80 లక్షల డాలర్ల ఒప్పందం. షో ముగిశాక ఎపిసోడ్లను సీబీఎస్‌కే తిరిగి అమ్మారు, 40 నుంచి 50 లక్షల డాలర్ల మధ్య. తానే ఉత్తపుణ్యానికి వదిలేసినదాన్ని తానే కొనుక్కుంది! ఆ ఊపులో 1957 చివర్లో ఆర్‌కేవో స్టూడియోలను 61.5 లక్షల డాలర్లకు కొన్నారు. ఒకప్పుడు ఇద్దరూ జీతానికి పనిచేసిన, ఒకరికొకరు పరిచయమైన స్టూడియో. కిట్టు గారు చెప్పిన పేరు అద్దె సంగతితో కలిపి చూడండి, మనిషి ఆలోచన అర్థమవుతుంది.

#10 కొత్తగా_వచ్చా

మాస్టారూ, వారానికి వెయ్యి వదులుకోవడం ఇద్దరికీ కలిపి ఎంత నష్టం?

#11 లెక్కల_మాస్టారు

మొదటి సీజన్లో 35 ఎపిసోడ్లు. 35 వేల డాలర్లు. అదీ పన్ను పోయాక ఇంకా తక్కువ. ఆ రోజుల్లో అమెరికాలో పై శ్లాబు పన్ను 90 శాతం దాటి ఉండేది. జీతం తగ్గినా చేతికి తగ్గేది కొంచెమే. ఆస్తి మాత్రం మిగులుతుంది. జీతం కంటే హక్కు మేలని డెసీ చెప్పడంలో ఈ తర్కం కూడా ఉంది.

#12 రీలు_రంగారావు

చిన్న పానకంలో పుడక. పడమటి తీరం నుంచి తూర్పుకు నేరుగా బొమ్మ పంపే లైను 1951 సెప్టెంబరు 4న తెరుచుకుంది. మన షో మొదలవడానికి ఆరు వారాల ముందు! అదే లైను వసంతంలో సిద్ధమై ఉంటే హాలీవుడ్ నుంచే ప్రత్యక్ష ప్రసారం చేయమనేవారు. ఫిల్మ్ ప్రస్తావనే వచ్చేది కాదు. మనం ఈరోజు చూసేవి నాలుగు మసక కినిస్కోపులు అయ్యుండేవి. డెసీ బేరం సరిగ్గా ఆ సందులో పడింది.

#13 పాతటీవీ_పద్మ

నా మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోవడం లేదు. షోలోని నలుగురు ముఖ్య నటుల్లో లూసిల్‌కు, పక్కింటి ఎథెల్‌గా చేసిన వివియన్ వాన్స్‌కు, ఆమె మొగుడు ఫ్రెడ్‌గా చేసిన విలియం ఫ్రాలీకి నటనకు ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్లు వచ్చాయి. డెసీకి ఒక్కటీ రాలేదు. ఆయన నటుడు కాడా?

#14 నిజం_నిక్కం

ఈ ఒక్క విషయంలో నేను డెసీ పక్షం, రాసుకోండి.

రికీ పాత్ర పేరుకు "ఎదురు పాత్ర". లూసీ పిచ్చి పని చేస్తుంది, రికీ మండిపడతాడు. అందరూ అది సులువనుకుంటారు. ప్రేక్షకుడు లూసీ పథకాన్ని నమ్మాలంటే, దొరికిపోతే ఏమవుతుందో అన్న భయం ఉండాలి. ఆ భయం రికీ మొహంలో ఉంది. అలాగని నిజంగా కొట్టేవాడిలా కనిపిస్తే నవ్వు చచ్చిపోతుంది. కోపం ఎంత ఎక్కినా కింద ప్రేమ కనబడాలి. ఆ గీత మీద ఆరేళ్లు నడిచాడు.

యాస విషయం. రికీ ఇంగ్లిష్‌ను ఎక్కిరించే హక్కు కథలో ఒక్క లూసీకే ఇచ్చారు. ఇతరులు ఎక్కిరిస్తే ప్రేక్షకులు నవ్వలేదు. పెళ్లాం ఎక్కిరిస్తే నవ్వారు. కోపం నషాళానికి అంటినప్పుడు ఆయన స్పానిష్‌లో విరుచుకుపడతాడు, కింద అనువాదం ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు, మొహం చూస్తే చాలు. ఇక ఆయన నోట అందరూ చెప్పే ఆ "సంజాయిషీ చెప్పుకో లూసీ" తరహా డైలాగు ఉన్నది ఉన్నట్టుగా ఏ ఎపిసోడులోనూ లేదు. జనం నోట్లో పుట్టింది.

ఇంకొకటి, అప్పటి హాలీవుడ్‌లో లాటిన్ వేషాలంటే కత్తి పట్టినవాడో, గులాబీ పట్టినవాడో. 1943 యుద్ధ సినిమా ‘బతాన్’లో డెసీకి మలేరియాతో చచ్చిపోయే సైనికుడి వేషం వచ్చింది, బాగా చేశాడు, అయినా ఆ తర్వాత సినిమాల్లో పెద్దగా ఎదగలేదు. రికీ మాత్రం అద్దె కడతాడు, బ్యాండు నడుపుతాడు, కొడుకుని పెంచుతాడు. అమెరికన్ ఎర్రజుట్టు పిల్లకు క్యూబా మొగుడంటే జనం నమ్మరని సీబీఎస్ వాదించింది. 1950లో ఇద్దరూ ఊరూరా స్టేజి మీద ప్రదర్శనలిచ్చి నమ్ముతారని చూపించాకే దారి తెరుచుకుంది. దానికి స్పానిష్ విదూషకుడు పెపీతో సాయం చేశాడు. 1951 మార్చి 2న, డెసీ పుట్టినరోజునే తీసిన పైలట్‌లోనూ (నమూనా ఎపిసోడ్) పెపీతో ఉన్నాడు. ఆ పైలట్ ఏళ్ల తరబడి కనిపించకుండా పోయి, చివరికి పెపీతో భార్య దగ్గర కినిస్కోపు దొరికితే 1990లో ప్రసారం చేశారు.

#15 కిట్టు_కాంగా

నటన మీద ఒక్క సన్నివేశం దగ్గరగా చూద్దాం. 1952 సెప్టెంబరు 15న వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్. అందరికీ గుర్తుండేది కన్వేయర్ బెల్టు మీద చాక్లెట్లు నోట్లో కుక్కుకునే లూసీ, ఎథెల్. అదే ఎపిసోడులో వంటింట్లో రికీ, ఫ్రెడ్ ఉన్నారు. మొగుళ్లు ఇల్లు చూసుకుంటామని పందెం. కోడి పులావు లాంటి క్యూబన్ వంటకం చేయబోతారు. బియ్యం ఎంత? మనిషికి పౌను చొప్పున, నలుగురికి నాలుగు పౌన్లు. మనింట్లో ఏ అమ్మాయిని అడిగినా అప్పుడే గుండె గుభేల్‌మంటుంది: దాదాపు కిలో ఎనిమిది వందల గ్రాములు, ఉడికితే మూడింతలు!

గిన్నె మూత ఎత్తుకుని అన్నం పొంగుతుంది. పొయ్యి మీద నుంచి నేల మీదికి. డెసీ అప్పుడు ఏం చేస్తాడో చూడండి. చేతులు ఊపి గోల చేయడు. మొదట గిన్నెను పట్టించుకోనట్టు ఉంటాడు, తర్వాత మర్యాదగా సర్దబోతాడు, ఆ తర్వాత మట్టి తట్టలు ఎత్తేవాడిలా దోసిళ్లతో ఎత్తిపోస్తాడు. మధ్యలో కాలు జారడం. కంగారు ఒక్కో మెట్టు ఎక్కుతుంది. లూసిల్ చాక్లెట్ల దగ్గర చేసేదీ అదే క్రమం. ఇద్దరివీ ఒకే బడి చేతులు. ఎదురుగా జనం ఉండగా, అన్నంతో ఇలాంటిది రెండోసారి తీయాలంటే సెట్టంతా కడగాలి. ఒక్కసారిలో కొట్టాల్సిందే.

#16 ఎడిటింగ్_స్వాతి

కిట్టు, భలే పట్టావు. ఒక చిట్కా: లూసిల్ ఒంటరిగా తెర మీద ఉన్న సన్నివేశాల్లో చెవులు రిక్కించి వినండి. ప్రేక్షకుల నవ్వుల్లో డెసీ నవ్వు విడిగా వినబడుతుంది. పక్కన నిలబడి చూస్తూ నవ్వేవాడు. బెంచీల మీద వేలాడదీసిన మైకులు దాన్నీ పట్టేశాయి.

#17 కొత్తగా_వచ్చా

గర్భం ఎపిసోడ్ల గురించి ఎవరైనా?

#18 పాతటీవీ_పద్మ

క్లుప్తంగా. 1952లో లూసిల్ మళ్లీ కడుపుతో ఉంది. దాచేయండి, బల్లల వెనక నిలబెట్టండి అన్నారు సీబీఎస్, స్పాన్సరు మనుషులు. కథలోనే పెడదామని డెసీ, ఓపెన్‌హైమర్ పట్టుబట్టారు. "గర్భవతి" అన్న మాట వాడకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఒక కాథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు రబ్బీ స్క్రిప్టులు చూసి ఆమోదించారు. 1953 జనవరి 19న తెర మీద బిడ్డ పుట్టాడు. అదే రోజు నిజంగానే సిజేరియన్‌తో డెసీ జూనియర్ పుట్టాడు. చూసినవాళ్లు 4 కోట్ల 40 లక్షలు. మర్నాడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారానికి 2 కోట్ల 90 లక్షలే. ప్రసవం తర్వాత లూసిల్‌కి విశ్రాంతి కావాలి కాబట్టి కొన్ని పాత ఎపిసోడ్లు మళ్లీ వేశారు, జనం చూశారు. మాస్టారి లెక్కకు మొదటి రుజువు అదే.

#19 లెక్కల_మాస్టారు

సరిగ్గా చెప్పారు. పతనం సంగతి కూడా రాసేద్దాం, లేకపోతే భజన అవుతుంది.

స్టూడియో కొన్నాక డెసిలూ (డెసీ, లూసిల్‌ల కంపెనీ) చేతిలో హాలీవుడ్‌లోనూ, కల్వర్ సిటీలోనూ స్థలాలు. తమ షోలు కాక ఇతరుల షోలకు కూడా అద్దెకు స్టేజీలు, సిబ్బంది. 1958లో షేర్లు మార్కెట్లోకి. 1959లో గ్యాంగ్‌స్టర్ల మీద తీసిన ‘ది అన్‌టచబుల్స్’ పెద్ద హిట్టు, దాంతో గొడవలు: ఇటాలియన్ అమెరికన్ల నిరసన, అల్ కపోన్ కుటుంబం దావా. కపోన్ కొడుకు డెసీకి మయామీ బడి రోజుల స్నేహితుడు కావడం ఇంకో విచిత్రం. పొద్దున నటుడు, మధ్యాహ్నం నిర్మాత, సాయంత్రం కంపెనీ అధ్యక్షుడు. తాగుడు ముదిరింది, ఇంట్లో పొసగలేదు. వారం వారం షో 1957లో ఆగాక అప్పుడప్పుడూ తీసిన గంట నిడివి ఎపిసోడ్లలో చివరిదాని చిత్రీకరణ 1960 మార్చి 2న, మళ్లీ పుట్టినరోజే. మర్నాడే లూసిల్ విడాకుల దావా వేసింది. 1962లో ఆయన వాటాను 25, 30 లక్షల డాలర్లకు ఆమె కొనేసింది. పెద్ద స్టూడియోకి అధిపతి అయిన తొలి మహిళ ఆమె. 1967లో గల్ఫ్ అండ్ వెస్టర్న్‌కు కోటి 70 లక్షలకు అమ్మింది. మధ్యలో ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాజిబుల్’ ఆమె హయాంలో వచ్చాయి, డెసీకి అంటగట్టకండి.

విడిపోయాక ఆయన గుర్రాలు పెంచాడు. 1967 నుంచి 69 దాకా ఎన్‌బీసీకి ఒక హాస్య ధారావాహిక నిర్మించాడు. 1976లో ఆత్మకథ. దాన్ని చదివేటప్పుడు జాగ్రత్త: కథ చెప్పడంలో ఆయన దిట్ట, లెక్కలు చెప్పేటప్పుడు తన పాత్ర కాస్త పెద్దగా కనబడుతుంది.

#20 కొత్తగా_వచ్చా

చూడటం మొదలెడదామనుకుంటున్నా. ఎక్కడ దొరికినా ఒకటేనా? పట్టు గుడ్డ మీద గుండె బొమ్మ టైటిల్ ఉన్నది అసలుదేనా?

#21 ఎడిటింగ్_స్వాతి

కాదండీ. ఆ గుండె బొమ్మ పునఃప్రసారాల కోసం తర్వాత చేసింది. 1951లో జనం చూసింది కార్టూన్ బొమ్మల టైటిల్: గీతల లూసీ, గీతల రికీ సిగరెట్టు డబ్బాతో ఆడుకుంటుంటారు. స్పాన్సరు పోయాక సిగరెట్టు చూపించలేక మార్చేశారు.

నిడివి కూడా చూసుకోండి. దాదాపు 26 నిమిషాలుంటే పూర్తిది. 22, 23 నిమిషాలే ఉంటే ప్రకటనల కోసం కోసింది. కోతలో ముందు పోయేది రికీ పాటలు, క్లబ్బు సన్నివేశాలు, ఎందుకంటే కథకు అడ్డం లేకుండా తీసేయొచ్చు. డెసీ కోసం చూస్తున్నారు కాబట్టి కోసినవి మీకు పనికిరావు. డీవీడీ సెట్లలో పూర్తి ఎపిసోడ్లు దొరుకుతాయి, కొన్నిట్లో కార్టూన్ టైటిల్ కూడా పెట్టారు. చాక్లెట్ ఫ్యాక్టరీది, బిడ్డ పుట్టే ఆసుపత్రిది ముందు చూడండి. నాలుగోదిగా వచ్చినదాన్ని ఆఖర్న పెట్టుకోండి. కెమెరాలు ఇంకా తడబడటం అప్పుడైతే మీకే కనిపెట్టొచ్చు.

#22 కిట్టు_కాంగా

క్లబ్బు సన్నివేశాల్లో పియానో దగ్గర కూర్చున్నవాడిని కూడా చూడండి. మార్కో రీసో, శాంతియాగోలో డెసీ చిన్ననాటి స్నేహితుడు. కోసిన ప్రింట్లలో మొదట ఎగిరిపోయేది పాపం ఆయనే.